‘నెలోరి’ని వెతుక్కుంటూ నెల్లూరొచ్చిన బ్రెజిల్ అబ్బాయి

సింగపూర్‌లో పనిచేసే మా మేనల్లుడు 2024 డిసెంబరులో ఒకరోజు ఫోన్ చేశాడు.

“మామయ్యా, మా ఆఫీసులో బ్రెజిల్ అబ్బాయి ఒకడున్నాడు. రెండు నెలలు లీవు పెట్టి ఆసియా తిరుగుతున్నాడు. వియత్నాం, థాయ్‌లాండ్ చూసుకుని ఇండియా వస్తాడంట. నెల్లూరు చూపిస్తావా?”

“నెల్లూరులో ఏముందిరా?” అన్నాను. ముప్పై ఏళ్ళుగా ఇక్కడే ఉంటున్నవాణ్ణి, నోటికి ముందు అదే వచ్చింది.

“ఆవులు మామయ్యా,” అన్నాడు.

విషయం ఏమిటంటే, బ్రెజిల్ బీళ్ళలో మేసే గొడ్లలో ఎక్కువ భాగం తెల్లగా, మూపురంతో, మన ఒంగోలు జాతివే. వాళ్ళు వాటిని ‘నెలోరి’ అంటారు. 19వ శతాబ్దంలో అవి ఓడలెక్కినప్పుడు ఒంగోలు ప్రాంతం నెల్లూరు జిల్లాలో ఉండేది. దాంతో జిల్లా పేరే గొడ్డుకి అతుక్కుపోయింది. ఒంగోలు కేంద్రంగా వేరే జిల్లా వచ్చింది 1970లో, దానికి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టింది 1972లో. అప్పటికి బ్రెజిల్ వాళ్ళకు ఆ పేరు నోట నానిపోయింది. ఈ అబ్బాయిది మినాస్ జెరైస్ రాష్ట్రంలో ఉబెరాబా అనే ఊరు. ఏటా పెద్ద పశు ప్రదర్శన జరిగే చోటు. తాతకు పశువుల ఫారం ఉంది. నెలోరి అన్నది ఒక ఊరి పేరని పదహారేళ్ళొచ్చాకగానీ తెలియలేదట.

నేను పుట్టింది ఒంగోలు పక్క పల్లెలో, అన్నం తింటున్నది నెల్లూరులో. రెండు జిల్లాల తరఫునా పరువు కాపాడాల్సిన పని నా మీద పడింది.

బయలుదేరే ముందు వాడికి రెండే మాటలు రాసి పంపాను. ఒకటి, ఎల్లో ఫీవర్ టీకా పుస్తకం బ్యాగులో కాదు, పాస్‌పోర్టుతోపాటు చేతిలో ఉండాలి. బ్రెజిల్ నుంచి వచ్చేవాళ్ళను మన విమానాశ్రయాల్లో అది అడుగుతారు, లేకపోతే ఆరు రోజుల వరకు విడిగా ఉంచే హక్కు వాళ్ళకుంది. టీకా వేయించుకున్న పది రోజుల తర్వాతే ఆ సర్టిఫికెట్టు చెల్లుతుంది. థాయ్‌లాండ్ వాళ్ళు కూడా అడిగారని వాడే చెప్పాడు. రెండోది, ఈ-వీసా కాగితం ఫోన్లో ఉంటే చాలదు, నాలుగైదు కాపీలు ప్రింటు తీసుకుని రమ్మన్నాను. ఈ రెండో మాట ఎంత పనికొచ్చిందో మొదటి రోజు రాత్రికే తెలిసింది.

మొదటి రోజు, శుక్రవారం

కనుమ వెళ్ళిన రెండో రోజు. చెన్నైలో దిగి, సెంట్రల్‌లో పినాకిని ఎక్కి సాయంత్రానికి నెల్లూరు వచ్చాడు. ఇరవై ఎనిమిదేళ్ళుంటాయి. మోకాలి దాకా లాగు, వీపున తన ఎత్తు సంచి. ప్లాట్‌ఫాం మీద పసుపు బోర్డు ముందు నిలబడి నాచేత నాలుగు ఫోటోలు తీయించుకున్నాడు. బోర్డు మీద ఉన్న మూడు భాషల్లో ఒక్క ఇంగ్లీషు అక్షరాలే వాడికి తెలుసు, కానీ వేలు మాత్రం తెలుగు అక్షరాల మీదే పెట్టాడు.

మా ఇంట్లో అత్తగారికి ఒంట్లో బాగాలేదు, అందుకని లాడ్జిలో గది చెప్పి ఉంచాను. మధ్యాహ్నమే ఫోన్ చేసి రూము ఉందని ఖాయం చేసుకున్నాను. కౌంటర్ దగ్గరికి పోయి నిలబడగానే ఆ కుర్రాడు వాణ్ణి పైనుంచి కిందికి చూసి, “ఫారినరా సార్? రూములు లేవు సార్,” అన్నాడు. వాడి వెనక గోడకి తాళాలు వరసగా వేలాడుతూనే ఉన్నాయి. 107, 108, 111. నేను వాటి వైపు చూశాను. వాడు కూడా చూశాడు. “అవన్నీ బుకింగ్ సార్.”

రెండో లాడ్జి మేనేజరు పెద్దమనిషి, ఉన్నదున్నట్టు చెప్పాడు. “రూముకేముంది సార్, సి-ఫారంతోనే తంటా. పోయినేడు ఒకాయన దిగినాడు. మావాడు ఆన్‌లైన్లో ఎక్కించడం మర్చిపోయినాడు. వారం రోజులు తిరిగినాం స్టేషన్ చుట్టూ. ఎందుకు సార్ మాకు?”

సి-ఫారం (2025 సెప్టెంబరులో కొత్త నిబంధనలు వచ్చాక దీన్ని ఫారం-3 అంటున్నారు) అంటే, విదేశీయుడు ఎవరైనా మన దగ్గర రాత్రి బస చేస్తే ఆ సంగతి 24 గంటల్లోగా విదేశీయుల నమోదు అధికారికి తెలియజేయడం. జిల్లాల్లో ఆ అధికారి ఎస్పీ గారే. పాస్‌పోర్టు, వీసా, ఫోటో, ఎక్కడి నుంచి వచ్చాడు, ఇక్కడి నుంచి ఎక్కడికి పోతాడు, అన్నీ ఎక్కించాలి. తెలిసినవాడికి పావుగంట పని. తెలియనివాడికి ‘రూములు లేవు’ అనడం అంతకన్నా తేలిక. పాపం ఈ అబ్బాయికి కోపం కూడా రాలేదు. థాయ్‌లాండ్‌లోనూ ఇంటివాళ్ళు టీఎం 30 అనే కాగితం పెట్టాలట, వియత్నాంలోనూ పోలీసులకు చెప్పాలట. “అక్కడ పాస్‌పోర్టు తీసుకుని లోపలికి పోతారు, నేను గదికి పోతాను. ఇక్కడ పాస్‌పోర్టూ నా దగ్గరే ఉంది, నేనూ బయటే ఉన్నాను,” అన్నాడు.

మూడోది కొంచెం పెద్ద హోటలు. రేటు రెట్టింపు, కానీ కౌంటర్లో ఉన్నమ్మాయి పాస్‌పోర్టు, వీసా కాపీలు అడిగి, చకచకా కంప్యూటర్లో కొట్టేసింది. ప్రింట్లు తెమ్మన్నందుకు నా భుజం నేనే తట్టుకున్నాను.

మన వైపు వచ్చే విదేశీ స్నేహితుల కోసం గది చూసేవాళ్ళకు నేను చెప్పేది ఇదే. ‘రూము ఉందా’ అని అడక్కండి. ‘ఫారినర్‌కి ఇస్తారా, సి-ఫారం మీరే పెడతారా’ అని అడగండి. యాప్‌లో డబ్బు కట్టి బుక్ చేసుకున్నా ఈ మాట ఫోన్లో అడిగి తీరాలి. చెక్-అవుట్ 24 గంటల పద్ధతా, మధ్యాహ్నం 12కా అన్నది కూడా అప్పుడే తేల్చుకోండి. మన లాడ్జీల్లో 24 గంటలంటే సాయంత్రం ఆరుకు దిగినవాడు మర్నాడు ఆరు దాకా ఉండొచ్చు. గీజర్ ఎప్పుడు వేస్తారో కనుక్కోండి. చాలాచోట్ల పొద్దున్నే వేసి తొమ్మిదికల్లా ఆపేస్తారు. పదింటికి లేచే అలవాటున్నవాడికి చన్నీళ్ళే గతి.

రెండో రోజు, శనివారం

టిఫిన్‌కి కారం దోశ. ఎర్రకారం తక్కువ వేయమని చెప్పాను. సర్వరు తలూపాడు, దోశ మామూలు ఎరుపుతోనే వచ్చింది. మన హోటళ్ళలో ‘కారం తక్కువ’ అన్నది ఒక మర్యాద మాట, అంతే. వాడి కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారుతుంటే పక్క టేబుల్ పెద్దాయన, “పెరుగు తెప్పించు సామీ,” అని నన్ను మందలించాడు. ఆ తర్వాత ఉన్నన్ని రోజులూ మా పద్ధతి ఒకటే. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం భోజనంలో పప్పు, పెరుగు, రాత్రికి మాత్రం వాడిష్టం. తాగే నీళ్ళు సీలు చూసి కొన్న సీసాలవే.

సిమ్ కార్డుకు గంటన్నర పట్టింది. పాస్‌పోర్టు, వీసా, ఫోటో, తెలిసినవాళ్ళ ఫోన్ నంబరు ఒకటి. ఇచ్చిన వెంటనే పనిచేయదు. చెన్నై విమానాశ్రయంలోనే తీసుకోమని చెప్పి ఉండాల్సింది, నాదే పొరపాటు. డబ్బు సంగతి కూడా చెప్పాలి. మనం పది రూపాయల టీకి కూడా ఫోన్ చూపిస్తున్నాం. వాడి విదేశీ కార్డు పెద్ద హోటళ్ళలో తప్ప ఎక్కడా పనికిరాలేదు. వందలు, యాభైలుగా చిల్లర నోట్లు దగ్గరుంచుకుంటే ఆటో దగ్గర్నించి గుడి ముందు కొబ్బరికాయ దాకా గండం గడుస్తుంది.

రంగనాయకులపేటలో రంగనాథస్వామి గుడికి పోయాం. అద్దాల మండపం చూసి, వెనక పెన్న ఒడ్డున కూర్చున్నాం. నిన్న వాడు ఎక్కిన రైలు పేరూ ఈ నదిదేనని, పినాకిని అన్నా పెన్న అన్నా ఒకటేనని చెబితే టికెట్టు తీసి మళ్ళీ చూసుకున్నాడు.

సాయంత్రం స్వర్ణాల చెరువు దగ్గర బారాషహీద్ దర్గాకు తీసుకెళ్ళాను. మొహర్రం నెలలో అయితే ఇక్కడ ఇసుక వేస్తే రాలదు. రొట్టెల పండగ కదా. చెరువులో మోకాలి లోతున నిలబడి, కోరిక ఉన్నవాళ్ళు రొట్టె పట్టుకుంటారు. తీరినవాళ్ళు మర్నాటి ఏడు వచ్చి రొట్టె ఇస్తారు. ఆరోగ్య రొట్టె, సంతాన రొట్టె, ఉద్యోగ రొట్టె, ఇంటి రొట్టె, ఆఖరికి వీసా రొట్టె కూడా ఉంది. హిందువులా ముస్లింలా అని ఎవరూ చూడరు. అన్నీ విని వాడు, “లాడ్జి రొట్టె ఉందా?” అన్నాడు. డ్రైవర్ అబ్బాయికి ఇది తర్జుమా చేసి చెబితే పది నిమిషాలు నవ్వాడు. ఒక హెచ్చరిక కూడా చేయాలి. ఆ పండగ రోజుల్లో నెల్లూరు వచ్చేవాళ్ళు గది దొరుకుతుందని ఆశ పెట్టుకోవద్దు. మన వాళ్ళకే దొరకదు.

రాత్రికి మా ఇంట్లో చేపల పులుసు. మా ఆవిడ ముందురోజే చేసి ఉంచింది. నెల్లూరు పులుసు మట్టి దాకలో మామిడికాయ ముక్కలతో ఉడికి, ఒక రాత్రి నిద్ర చేస్తేనే రుచి. వాళ్ళ దేశంలో సముద్రం ఒడ్డు వాళ్ళు మట్టి పాత్రలోనే కొబ్బరిపాలతో చేపల కూర వండుతారట, ‘మొకేకా’ అంటారట. “ఇది దానికి పెద్దక్క,” అని ఇంగ్లీషులో అన్నాడు. నేను తెలుగులో చెప్పాను. మా ఆవిడ పొంగిపోయి మరో ముక్క వేసింది. ముల్లు తీసుకోవడం చేతకాక వాడు పడ్డ అవస్థ చూసి, చిన్నపిల్లాడికి తీసిపెట్టినట్టు ముళ్ళు తీసి పక్కన పెడుతూ, “పెళ్ళయిందా నాయనా?” అని అడిగింది. కాలేదన్నాడు. తర్వాతి ప్రశ్నలు నేను తర్జుమా చేయలేదు.

మూడో రోజు, ఆదివారం

తెల్లారుజామున నాలుగున్నరకు కారెక్కి నేలపట్టు. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు సూళ్ళూరుపేట వైపు అంతా తిరుపతి జిల్లాలోకి పోయింది, కానీ పక్షులకు ఆ కబురు అందలేదు, మాకూ నోరు తిరగడం లేదు. చెరువులో సగం మునిగిన కడప చెట్ల మీద గూడబాతులు, చెట్టుకు పది పదిహేను గూళ్ళు. రెట్ట పడిన నీళ్ళు పొలానికి బలమని ఊళ్ళోవాళ్ళు వాటిని ఒక్క రాయి కూడా వేయనివ్వరు. అక్టోబరు నుంచి మార్చి లోపు వస్తేనే ఈ వైభవం. ఎండాకాలం వచ్చి తిట్టుకునే వాళ్ళను చూశాను.

అక్కణ్ణుంచి పులికాట్. సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోటకు పోయే రోడ్డు సరస్సును చీల్చుకుంటూ పోతుంది. రాజహంసలు దూరంగా గులాబీ గీతలా నిలబడి ఉన్నాయి. బైనాక్యులర్స్ లేకుండా వచ్చి మళ్ళీ నాదే తప్పు.

మధ్యాహ్నం తిరిగొచ్చి, రాత్రి బసకి మైపాడు బీచ్. నెల్లూరు నుంచి పాతిక కిలోమీటర్లే. దారి పొడుగునా రొయ్యల గుంటలు. రాత్రిపూట ఏరియేటర్లు నీళ్ళు చిమ్ముతూ తిరిగే చప్పుడు సముద్రం చప్పుడుతో కలిసిపోతుంది. రిసార్టు మేనేజరు పాస్‌పోర్టు చూసి బెదరలేదు. మావాడికి మాత్రం ఈత కొట్టాలని సరదా పుట్టింది. చొక్కా తీసేసి పరుగెత్తబోతుంటే వల బాగుచేసుకుంటున్న ఒకాయన లేచి అడ్డం నిలబడ్డాడు. “ఈడ అడుగున గుంటలుంటాయి నాయనా. సముద్రం లోపలికి లాగేస్తది. నడుం దాకా దిగు, మొలతాడు తడిస్తే ఎనక్కి రా.” మొలతాడంటే ఏమిటో చెప్పడానికి నాకు అయిదు నిమిషాలు పట్టింది గానీ, బీచ్‌కి వచ్చే ఎవరికైనా ఇంతకన్నా మంచి కొలత నాకు తెలియదు.

ఇక్కడ డ్రైవర్ సంగతి ఒకటి చెప్పాలి. రాత్రికి మీకు గది ఉంది సరే, అతను ఎక్కడ పడుకుంటాడో ముందే మాట్లాడుకోండి. కొన్నిచోట్ల డ్రైవర్లకి డార్మిటరీ ఉంటుంది, కొన్నిచోట్ల సీటు వెనక్కి వాల్చుకుని దోమల్తో పోరాటమే. నిద్ర చాలని మనిషి చేతిలో మర్నాడు మన ప్రాణాలు పెడుతున్నాం. మైపాడులో ఆ వసతి లేకపోతే అదనంగా ఒక మంచం అడిగి నా గదిలోనే పడుకోమన్నాను. గురక నాదే ఎక్కువని పొద్దున చెప్పాడు.

నాలుగో రోజు, సోమవారం

చాలా దూరం పోవాల్సిన రోజు. నెల్లూరు, ఆత్మకూరు మీదుగా ఉదయగిరి. దారిలో డ్రైవర్, “మాలకొండ చూపిస్తామా సార్?” అన్నాడు. మాల్యాద్రి నరసింహస్వామి గుడి శనివారం తప్ప తెరవరు. సోమవారం పోతే మెట్లకు దణ్ణం పెట్టి రావాలి. సంగతి తెలియక దూరాల నుంచి కార్లేసుకొచ్చేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

ఉదయగిరి కోటను శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుంచి 1514లో పట్టుకున్నాడు. ఏడాదిన్నర ముట్టడి పట్టింది. కొండ ఎక్కే తీరిక మాకు లేదు, కింద నుంచే చూశాం. ఊళ్ళో చెక్క చెంచాలు చేసే ఇంటికి పోయాం. ఒకామె కింద కూర్చుని, కాలి బొటనవేలుకు ఆనించి పట్టుకున్న గరిటె కాడను ఆకురాయితో సన్నగా దిద్దుతోంది. ప్రతి నాలుగు రాపిళ్ళకు ఒకసారి పొట్టు ఊది, కాడను కన్నుకు ఎదురుగా పెట్టి వంపు చూసుకుంటోంది. కొలబద్ద లేదు, గీత లేదు. మావాడు పక్కనే గొంతుకూర్చుని అరగంట కదల్లేదు. ఒక చిన్న చెంచా కొన్నాడు. ఆ తర్వాత ఎక్కడ పెరుగన్నం వడ్డించినా జేబులోంచి అదే తీశాడు.

భైరవకోనకి చేరేసరికి రెండయింది. కొండను తొలిచిన ఎనిమిది గుహల్లో ఎనిమిది శివాలయాలు, పక్కనే జలపాతం. జనవరిలో ధార సన్నగా జడలా ఉంది. కార్తీక పున్నమినాడు చంద్రకిరణాలు అమ్మవారి మీద పడతాయని చెబుతారు, ఆ రోజుల్లో జనం విపరీతం. చల్లటి రాతి అరుగు మీద మావాడు పడుకుని, “ఈ రాత్రి ఇక్కడే ఉంటే?” అన్నాడు. పాస్‌పోర్టు తీసుకుని గది ఇచ్చే చోటు ఆ చుట్టుపక్కల నాకు తెలిసి లేదు. మన మెట్ట ప్రాంతంలో చూడాల్సినవి చాలా ఉన్నాయి, ఉండాల్సినవే లేవు. భైరవకోనైనా, కంభం చెరువైనా, చందవరం స్తూపమైనా పగలు చూసుకుని రాత్రికి ఒంగోలో నెల్లూరో చేరుకోవాలి.

పామూరు, కనిగిరి, పొదిలి. కనిగిరిలో టీ తాగాం. మా పల్లె చేరేసరికి రాత్రి పదింపావు. మా వదిన అన్నం కలిపి ముద్దలు చేతిలో పెట్టింది. వాడు ఆ వేళ మాత్రం చెంచా తీయలేదు.

అయిదో రోజు, మంగళవారం

ఇంట్లో ఉంచుకున్నా సి-ఫారం తప్పదు. ఈ సంగతి చాలామందికి తెలియదు. అమెరికా కోడలొచ్చినా, జర్మనీ అల్లుడొచ్చినా పాస్‌పోర్టు విదేశానిదైతే ఇంటి యజమాని తెలియజేయాల్సిందే. మేనల్లుడు ముందే చెప్పబట్టి మా అన్నయ్య వారం కిందటే ఇంటి పేరిట ఆన్‌లైన్‌లో నమోదు చేయించి ఉంచాడు. పొద్దున కాఫీ తాగుతూ వివరాలు ఎక్కించాం. ‘వచ్చిన పని’ అనే గడి దగ్గర అన్నయ్య ఆగి, “ఏం రాయమంటావు?” అన్నాడు. “చుట్టాలను చూడటానికి అని రాయి,” అన్నాను. టూరిజం అనే పెట్టాం.

చుట్టాలు కరవదిలో ఉన్నారు. ఒంగోలుకు ఆనుకుని ఉన్న ఊరు. 1960ల మొదట్లో ఇక్కణ్ణుంచి బ్రెజిల్‌కి ఓడెక్కిన ఒక ఆంబోతుకు ఊరి పేరే పెట్టారు, కర్వాడి అని. అక్కడి నెలోరి మందల్లో దాని సంతతి లెక్కలేనంత. మావాడి తాత ఆ పేరు ఎత్తితే టోపీ తీసేవాడట.

మా అన్నయ్యకు తెలిసిన రైతు ఒకాయన బండలాగుడు పోటీలకు ఒక జతను మేపుతున్నాడు. కొష్టంలోకి పోగానే ఉడికించిన ఉలవల వాసన కమ్మగా తగిలింది. సంక్రాంతి పందేల అలసట తీరలేదేమో, గిత్తలు రెండూ పడుకుని నెమరేస్తున్నాయి. మమ్మల్ని చూసి ఒకటి లేచింది. లేవడం కాదు, ఒక గోడ నిలబడ్డట్టు అయింది. మావాడు మాట్లాడలేదు. ముందు అరచెయ్యి వాసన చూపించాడు. తర్వాత గంగడోలు మడతల కింద చెయ్యి పెట్టి మెల్లగా పైనుంచి కిందికి నిమిరాడు. మూపురం చుట్టూ చేతులు వేసి కొలిచాడు. రైతు ఇంకా ఏదో అనబోతుండగానే గిత్త ముట్టె పట్టుకుని పెదవి ఎత్తి పళ్ళు లెక్కపెట్టి, నాలుగు వేళ్ళు చూపించాడు. పోటీల్లో జతలను పళ్ళ లెక్కనే విడదీస్తారు, పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు అని. రైతు నా వైపు తిరిగి, “పనోడే,” అన్నాడు. అంతకు మించి పొగడ్త ఆయన నోట రాదు.

గడ్డిపోచ నములుతూ ఆయన అడిగిన ప్రశ్న నేను అయిదు రోజులుగా తప్పించుకుంటున్నది. “వాళ్ళ దేశంలో వీటిని దేనికి వాడతారు? సేద్యానికా?”

నేను ఇంగ్లీషులోకి మార్చాను. అది మార్చకుండా ఉండలేను కదా. వాడు నా మొహం చూశాడు, గిత్త మొహం చూశాడు, “మాంసానికి,” అన్నాడు మెల్లగా. దీన్ని తెలుగులోకి ఎలా దించాలో తెలియక నేను గుటకలు మింగుతుంటే రైతు చెయ్యెత్తాడు.

“తెలుసులే, చెప్పబల్లేదు. టీవీలో చూశా. మన జాతి ఆవు ఒకటి ఆడ నలభై కోట్లు పలికిందంట గదా.” గిత్త వీపు మీద ఈగను తోలాడు. “వాళ్ళు తింటానికైనా కోట్లల్లో పెంచినారు. మేం దణ్ణం పెట్టుకుంటా ఉండి ఊరికి పది జతలు నిలబెట్టుకోలేకపోయినాం. ట్రాక్టరొచ్చినాక ఎవురు మేపుతారు దీన్ని, రోజుకి ఇంత ఉలవలు పోసి? అడగమాక నన్ను.”

అడిగింది ఆయనే అని నేను అనలేదు. ఈ మాటలు మాత్రం ఒక్క ముక్క వదలకుండా వాడికి చెప్పాను. వాడు ఫోన్ తీసి తాత ఫారం ఫోటోలు చూపించాడు. కనుచూపు మేర తెల్లటి గొడ్లు, ఒక్కటీ పలుపు తాడుతో లేదు. రైతు కళ్ళజోడు తెప్పించుకుని ఒక్కో ఫోటో పెద్దది చేసి చూస్తూ, “ఇది మనదే, ఇది మనదే. దీని చెవులు చూడు, ఇది కలిసింది,” అని ఏరుతూ కూర్చున్నాడు. మేం బయలుదేరేసరికి పొద్దు వాలింది.

ఆరో రోజు, బుధవారం

పొద్దున్నే మోటుపల్లి. ఇప్పుడు బాపట్ల జిల్లా, మొన్నటి దాకా ప్రకాశమే. వీరభద్రస్వామి గుడి దగ్గర రాతి స్తంభం మీద కాకతీయ గణపతిదేవుడి అభయశాసనం ఉంది, 1244 నాటిది. తుఫానుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ పూర్వపు రాజులు లాక్కునేవారని, ప్రాణాలకు తెగించి సముద్రం దాటొచ్చే వర్తకుల మీద దయతో తాము నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని అందులో ఉంది. ఆ తర్వాత రుద్రమదేవి కాలంలో మార్కోపోలో ఈ రేవుకొచ్చి, సాలెగూడంత సన్నటి బట్ట ఇక్కడ నేస్తారని రాసుకున్నాడు. ఇప్పుడక్కడ రేవు లేదు, ఇసుక, సరుగుడు తోటలు. మావాడు స్తంభం చుట్టూ రెండుసార్లు తిరిగి, “అంటే 780 ఏళ్ళ కిందట విదేశీయుడికి ఇక్కడ కాగితం రాజే రాసిచ్చాడు,” అన్నాడు. ఫోటో తీసుకున్నాడు.

ఒంగోలులో అల్లూరయ్య మైసూర్‌పాక్ రెండు కిలోలు కట్టించాం, ఒకటి తాతకి. స్టేషన్లో విజయవాడ బండి ఎక్కించాను. కిటికీలోంచి నా చెయ్యి పట్టుకుని, తెలుగులో నేర్చుకున్న ఒకే వాక్యం అప్పజెప్పాడు: “ఫారినర్‌కి రూము ఇస్తారా?”

రాత్రి పదకొండింటికి మెసేజ్ వచ్చింది. చెప్పి ఉంచిన లాడ్జి వాళ్ళు రూములు లేవన్నారట. మోటుపల్లి స్తంభం ఫోటో తీసి కౌంటర్ మీద పెట్టాడట. కౌంటర్లో కుర్రాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “ఇది జిరాక్స్ సార్, ఒరిజినల్ ఉందా?” అన్నాడట.